బందెలదొడ్డిలో కట్టేసిన మాట

మా పెదనాయన పోయిన సంగతి నాకు కర్నూలులో, వేరుశనగ మిల్లులో, కాటా దగ్గర తెలిసింది. బస్తాలు తూకం వేయిస్తున్నాను. మా ఊరి గుట్ట కింద రాళ్ళు కొట్టుకుని బతికే సాయిబు లోపలికి వచ్చాడు. హమాలీలు పక్కకు జరిగేదాకా ఆగి, నా ముందు నిలబడి, తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. మొదటి బస్సుకే వచ్చినట్టున్నాడు.

"మీ పెద్దమ్మ మాట," అన్నాడు. "మీ పెదనాయన తెల్లారుజామున పోయినాడు. మట్టి పగటికి. బిరీన రమ్మనింది."

మాటతో పాటు అది ఎవరిదో కూడా చెప్పాడు. మా ఊరికి అట్లా చెప్పడం నేర్పింది మా పెదనాయనే. నది అవతల పుట్టి, ఎనిమిదేళ్ళ కిందట మా గుట్ట కిందికి వచ్చి చేరిన సాయిబు కూడా ఆ పద్ధతిలోనే ఆయన చావు కబురు తెచ్చాడు. కాటా మీదున్న బస్తాను దింపమని చెప్పి నేను చొక్కా తొడుక్కున్నాను.

మా పెదనాయన ఊరి తప్పెటగాడు. ఓర్వకల్లు దాటినాక రాతి గుట్టల పక్కన మా ఊరు; ఊరికి తూర్పున, ఊరి గాలి తగలనంత దూరంలో మా పేట. శిస్తు కట్టమని, జాతర వచ్చిందని, ఫలానావారి గొడ్డు తప్పిపోయిందని, ఫలానా ఇంట్లో పెద్దమనిషి పోయాడని, ఏ సంగతైనా ఆయన గొంతులోంచే ఊరికి తెలియాలి. దానికి బదులు ఆయనకు వంక పక్కన రెండెకరాల మాన్యం ఉండేది. రాళ్ళ నేల. జొన్న పండితే పండినట్టు, లేకుంటే లేదు.

చాటింపుకు పోయే ముందు మా వాకిట్లో చొప్ప మంట వేసి తప్పెట కాచేవాడు. చర్మం బిగిసిందో లేదో వేలితో కొట్టి చూసి, చాలకపోతే మంటను తిట్టేవాడు. మంటనే కాదు, గాలిని, మేకల్ని, మా పెద్దమ్మను, దోవలో ఎదురొచ్చిన ఎవరినైనా తిట్టేవాడు. శిస్తు చాటింపుకు ముందు పొగాకు ఉమ్మేవాడు. పెండ్లి చాటింపుకు ముందు మాత్రం పుక్కిలించి పోయేవాడు. మంచివాడని ఎవరూ అనేవాళ్ళు కాదు. ఒక తుమ్మచెట్టు కోసం మా నాయనతో మూడేండ్లు మాట్లాడలేదు. ఆ మూడేండ్లూ చెప్పక తప్పని సంగతి ఉంటే మా వాకిట్లోకి వచ్చి, గోడ వైపు తిరిగి, "ఇది అమ్మ మాట. జరం తగ్గలేదంట. వచ్చి చూసిపొమ్మనె," అని గోడకు చాటి పోయేవాడు. మా నాయన లోపల కూర్చుని, "ఇన్నామని చెప్పు గోడా," అనేవాడు.

ఆయన వృత్తికి ఒక కట్టుబాటు ఉంది. తప్పెట మూడుసార్లు కొట్టి, సంగతి చెప్పి, చివర అది ఎవరి మాటో చెప్పాలి. ఇది కరణంగారి మాట, ఇది గుడి ధర్మకర్త మాట, ఇది బోడు పొలం రైతు మాట. ఆ ముక్క లేకపోతే చాటింపు చెల్లదు. ఆయన తండ్రి నుంచి ఆయనకు వచ్చింది. ఆయన దాన్ని ఇంకా బిగించాడు. "మాటకు ఇంటిపేరు ఉండల్ల," అనేవాడు. "ఇంటిపేరు లేని మాటను నా గడప తొక్కనీయను."

ఒకసారి రెండు జతల ఎద్దులున్న ఇంటి ఇల్లాలు పేట దాకా నడిచి వచ్చి, దూరంగా నిలబడి పిలిచింది.

"మా పుంజును చాకలామె ఎత్తకపోయింది. చాటు."

"ఎవరి మాటని చాటల్లమ్మా?"

"ఊరంతా అనుకుంటాండారు."

"ఊరంతా అంటే శానా నోర్లమ్మా. నా గొంతుకు అన్ని పట్టవు. ఒక్క నోరు చెప్పు."

"నాదైతే కాదప్పా."

"అట్లయితే పుంజు పోయిందని చాటుతా. చాకలామె సంగతి నీ నోట్లోనే పెట్టుకోని తమలపాకు మాదిరి నముల్తా ఉండు."

పుంజు దొరకలేదు. ఎవరు తిన్నారో ఈనాటికీ తెలియదు. చాకలామె మాత్రం ఆ ఊళ్ళోనే బట్టలుతుక్కుని బతికింది.

ఇంకో కట్టుబాటు కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దానిమీదే నడిచింది. పైరు మేసే గొడ్డు ఎవరిదో తెలియకపోతే దాన్ని పట్టి, బస్సు రోడ్డు పక్కనున్న బందెలదొడ్డిలో గుంజకు కట్టేస్తారు. "గొడ్డు దొడ్డిలో ఉంది, ఎవరిదో వాళ్ళు వచ్చి నలుగురి ముందర నాదని చెప్పి విడిపించుకోండి" అని పెదనాయన చాటేవాడు. ఇటువంటి చాటింపు చివర మాత్రం మనిషి పేరు ఉండదు. "ఇది దొడ్డి మాట" అంటాడు.

నైజాం పోయిన ఏడు, నది అవతల నుంచి నాలుగైదు సాయిబుల కుటుంబాలు సుత్తులు, గడ్డపారలు భుజాన వేసుకుని వచ్చి మా గుట్ట కింద దిగాయి. వాళ్ళ ఊళ్ళో ఇరుగుపొరుగు తమ ఇండ్ల వైపు చూసే చూపు మారిందట. అంతకంటే వాళ్ళు చెప్పలేదు, మేము అడగలేదు. గుట్ట ప్రభుత్వానిది. రాయి కొట్టుకోవడానికి తాలూకా ఆఫీసు వాళ్ళకు అనుమతి ఇచ్చింది. రోళ్ళు, తిరగళ్ళు చెక్కి సంతకు పంపేవాళ్ళు.

పెదనాయనకు వాళ్ళు నచ్చలేదు. ఊరి బావిలో మాకెట్లా నీళ్ళు లేవో వాళ్ళకూ అట్లాగే లేవు గనుక, మా పేట బావికే వచ్చేవాళ్ళు. ఆయన గట్టున కూర్చుని కాపలా కాసేవాడు.

"నీళ్ళు తాగండప్పా, బావిని తాగొద్దండి!"

సాయిబు కడవ ఎత్తుకుంటూ, "నీళ్ళే తాగుతాండాం తాతా. బావి ఆడనే ఉండాది, ఒంగి చూడు. జాగ్రత్త, పడితే మల్ల నీళ్ళు చెడతాయి," అన్నాడు. పెదనాయన నవ్వు ఆపుకోలేక పొగాకు మింగి, అరగంట సేపు దగ్గి, ఆ దగ్గుకు కూడా సాయిబునే తిట్టాడు.

మరుసటి ఎండాకాలం బావి అడుగంటితే సాయిబులు దిగి, అడుగున బండ పగలగొట్టి లోతు చేశారు. రెండు పక్కలకూ నీళ్ళు చాలాయి. "ఈ పని వచ్చిన పొద్దే చేసుంటే ఏం పోయింది?" అన్నాడు పెదనాయన. ఆయన మెచ్చుకోలు అంతకంటే ముందుకు పోదు.

కర్నూలు రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు పెట్టారు. రోడ్లకు, గోడలకు రాయి కావలసి వచ్చింది. అప్పటిదాకా ఎవరికీ పట్టని గుట్ట మీద మా ఊరి పెద్దరెడ్డి కన్ను పడింది. ఆ వెనకే ఎన్నికలు వచ్చాయి.

జీపు వచ్చింది. దాని మీద మైకు. నిలబడిన అభ్యర్థి ఖద్దరు మనిషి, చదువుకున్నవాడు, మెత్తని గొంతు. వానలు లేవు, ఏం చేస్తానో చెప్పలేదు. మూడేండ్లుగా చెరువు తూము విరిగి ఉంది, దాని ఊసెత్తలేదు. చేయెత్తి గుట్ట వైపు చూపించాడు.

"నది దాటి వచ్చినవాళ్ళు మీ నీళ్ళు తాగుతున్నారు. రేపు మీ పొలాలు అడుగుతారు. నిన్న నైజాంలో వాళ్ళ చేతుల్లో ఏముండేదో మీకు తెలియదా? వాళ్ళ దేశం వాళ్ళకుంది. అక్కడికి పొమ్మనే ధైర్యం ఈ ఊరికి లేదా?"

మా ఊళ్ళో తాతల నాటి సాయిబులు ఉన్నారు. పీర్ల చావిడి వాళ్ళది, పీర్లు ఎత్తేది అన్ని కులాలవాళ్ళం. ఆ సాయిబుల ఓట్లు కావాలి గనుక వాళ్ళ వైపు తిరిగి, "మీరు మనవాళ్ళు, మీ సంగతి వేరే," అని నవ్వాడు. వాళ్ళు నేల చూశారు. అప్పుడు మా పేట వాళ్ళం కూడా జనంలోనే ఉన్నాం. తన ఇంటి బావిలో చేద వేయనీయని మనిషి, నీళ్ళు పోతున్నాయని మా తరఫున బాధపడుతుంటే విన్నాం.

తర్వాత తెలిసింది. ఆత్మకూరు వైపు అడవి పక్క ఊళ్ళలో అదే మనిషి చెంచులను చూపించాడట. కర్నూలు వీధుల్లో కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలను చూపించాడట. ఊరూరికీ చూపించే వేలి కొస మారింది. మాటలు మాత్రం ఒకటే పాఠం. ఒకచోట నీళ్ళు, ఒకచోట అడవి, ఒకచోట ఉద్యోగాలు అని మార్చుకుంటే సరిపోతుంది. ఇంత సులభమైన పనికి చదువెందుకో నాకు అర్థం కాదు.

జీపు పోయింది, మాట పోలేదు. అంగట్లో, మంగలి ముందర, కళ్ళాల్లో అదే. సాయిబు పెండ్లాము ఉప్పుకు పోతే అంగడాయన లేదన్నాడు. ఉప్పు బస్తా మూతి తెరిచి ఆమె కళ్ళ ముందే ఉంది. "నాకేం లేదమ్మా," అన్నాడట, "ఊర్లో అనుకుంటాండారు." కూలికి పిలిచేవాళ్ళు పిలవడం మానేశారు. ఒక రైతు తిరగలి చెప్పి చేయించుకుని, ఇప్పుడు వద్దన్నాడు. అందరి నోటా ఒకటే: నాకేం లేదు, అనుకుంటాండారు. మా ఊళ్ళో ఎవరికీ ఏమీ లేకుండానే కొన్ని పొయ్యిలు ఆరిపోయే దశకు వచ్చాయి.

ఓటు కోసం నేను సెలవు పెట్టి ఊళ్ళోనే ఉన్నాను. పెద్దరెడ్డి కబురు పెడితే పెదనాయన వెంట నేనూ పోయాను. అరుగు మీద రెడ్డి, కరణం, అభ్యర్థి తాలూకు మనిషి ఒకడు కూర్చుని ఉన్నారు. మేము కింద నిలబడ్డాం.

"శుక్రారం లోపల గుట్ట ఖాళీ చేసి పోవల్ల," అన్నాడు రెడ్డి. "వాళ్ళకు నీళ్ళు పోసినా, పని ఇచ్చినా, ఇచ్చినోళ్ళకు ఊర్లో మాటా మంచీ లేదు. పో, చాటు."

"ఎవరి మాట రెడ్డీ?"

"ఊరి మాట."

"ఊరి మాటంటే పెద్దమనుషులు రచ్చకట్ట మీద కూకోని అందరూ ఇనేటట్ల చెప్పల్ల గదా. ఎప్పుడు కూకున్నిరి? నాకు తెల్దే."

"నీకు తెలియల్లని ఉండాదేమిరా?"

"చాటేది నేను గదా రెడ్డీ. నీ మాటని చాటనా?"

రెడ్డి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. రాయి కాంట్రాక్టుకు అర్జీ పెట్టుకున్న మనిషి ఆయన. కలెక్టరు కర్నూలులోనే ఉన్నాడు, పేరు బయటికి వస్తే అర్జీకి ముప్పు. అభ్యర్థి మనిషి కల్పించుకున్నాడు.

"పేర్లెందుకు తాతా? జనం అనుకుంటాండారు. జనం మాట అను."

"యా జనం? నాకూ చెవులుండాయి సామీ, మైకులో ఇన్యా. ఆయప్ప మాటని చాటేదా?"

"ఆయన పేరెత్తితే నాలిక కోస్తా."

"కరణం సామీ, నీదా?"

"నేను సర్కారు ఉద్యోగిని. నన్ను కలపొద్దు," అని కరణం కండువా సర్దుకున్నాడు.

పెదనాయన ముగ్గురినీ ఒకసారి చూశాడు. "ఇంతమంది పెద్దోళ్ళు ఉండారు. దీనికి అబ్బ లేడా?" అన్నాడు.

రెడ్డి లేచి నిలబడ్డాడు. "చాటితే చాటు. లేకుంటే మాన్యం ఇడుసు."

"చాటుతాలే."

ఇంటికి వచ్చాం. మంట వేశాడు. తప్పెట కాచాడు. మా పెద్దమ్మ, "రెండెకరాలు పోతాది, జూసుకో," అంది. "పోనీ. రాళ్ళే గదా," అన్నాడు. "రాళ్ళు పగలగొట్టేటోళ్ళు ఉంటే చాలు." పలుపుతాడు ఒకటి భుజాన వేసుకున్నాడు. తాడెందుకో నాకు అర్థం కాలేదు.

నేరుగా బందెలదొడ్డికి పోయాడు. దొడ్డి ఖాళీగా ఉంది. తాడు ఒక కొస గుంజకు కట్టి, రెండో కొసకు దూడ మెడకు వేసేటంత ఉచ్చు వేసి నేల మీద వదిలాడు. లాగి చూసుకుని, ఊళ్ళోకి నడిచాడు. పొలాల నుంచి జనం తిరిగి వచ్చే వేళ. రచ్చకట్ట ముందు మూడుసార్లు తప్పెట కొట్టాడు.

"ఇనుకోండి ఊరోళ్ళారా! గుట్ట కింది సాయిబులు శుక్రారం లోపల ఊరిడిసి పోవల్లని ఒక మాట ఊర్లో తిరుగుతాండాది! దాని మెడకు పలుపు లేదు, చెవికి గాటు లేదు, అది ఎవరిదో తెల్దు! దొరికిన వాకిలల్లా తొక్కుతాండాది! నేను పట్టుకపోయి బందెలదొడ్డిలో కట్టేసినా! ఎవరిదో వాళ్ళు వచ్చి, నలుగురి ముందర నాదని చెప్పి, ఇడిపించకపోండి! అంతవరకూ అది ఎవరి మీదా చెల్లదు! ఇది దొడ్డి మాట!"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక ముసలామె గడపలో కూర్చుని అడిగింది. "కొమ్ములుండాయా అప్పా దానికి?"

"శానా ఉండాయమ్మా. ఒళ్ళంతా కొమ్ములే. తల మాత్రం కనపడలే."

ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వీధి పట్టుకుని పోయింది. కోమట్ల వీధిలో, చావిడి దగ్గర, ఇంకా రెండుచోట్ల అదే చాటాడు. రెడ్డి అరుగు ముందు కొంచెం ఎక్కువసేపు కొట్టాడు. లోపల దీపం వెలుగుతూనే ఉంది. తలుపు తెరుచుకోలేదు.

తెల్లారి జనం దొడ్డి దగ్గరికి పోయి ఉత్త తాడును చూసి వచ్చారు. "మేత ఏసినారా?" అని ఒకడు, "ఈనేటట్టుండాది, జాగ్రత్త," అని ఒకడు. ఎవరూ నాదని రాలేదు. శుక్రవారం వచ్చింది. పొద్దున్నే గుట్ట మీద సుత్తి చప్పుడు వినబడింది. అంగడాయన సాయిబు పెండ్లానికి ఉప్పు కొలిచాడు. మా ఊరి మంచితనం గురించి నేను గొప్పలు చెప్పను. ఎవరి మనసూ మారలేదు. తాడు విప్పడానికి వెళ్తే నలుగురూ చూస్తారన్న భయం ఒక్కటే పనిచేసింది. అది చాలింది.

ఓట్లయిన వారంలోనే ఆయన్ను కొట్టారు. పట్టపగలు, వంక ఇసుకలో, నలుగురు. తుంటి ఎముక విరిగింది. తప్పెట చర్మాన్ని కొడవలితో ఈ కొస నుంచి ఆ కొసకు చీరారు. రాళ్ళ బండి తోలుకుంటూ వస్తున్న సాయిబు చూసి, రాళ్ళు దింపేసి, ఆయన్ను ఎక్కించుకుని వచ్చాడు. పోలీసు వచ్చి, మంచం దగ్గర కూర్చోకుండానే, "పడినాడు అని రాసుకుంటాలే," అన్నాడు. ఊళ్ళో అడిగితే మాకు తెలియదన్నారు. ఎవరో కొట్టినారంట, అనుకుంటాండారు అన్నారు. ఆ దెబ్బలకు కూడా ఇంటిపేరు లేకుండా పోయేటట్టుంది.

మరునాడు ఆయన నన్నూ సాయిబునూ పిలిచాడు. "లేపండి," అన్నాడు.

"యాడికి తాతా? కాలు నిలవదు."

"నాది నిలవకుంటే మీవి ఉండాయి గదా. లేపండిరా."

చెరొక రెక్క పట్టుకున్నాం. ఆయన కాలు నేల మీద ఈడుస్తుంటే గీత పడింది. ఎప్పుడూ నిలబడే చోట్లన్నిటా ఆగాం. తప్పెట లేదు. గొంతు ఒక్కటే. నలుగురి పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఎవరి చేతిలో కర్ర ఉందో, ఎవరి చేతిలో కొడవలి ఉందో చెప్పాడు. పెద్దరెడ్డి కొడుకు పేరు అందులో ఉంది. చివర ఆగి, ఊపిరి పీల్చుకుని, తన పేరు, తన తండ్రి పేరు చెప్పాడు.

"ఇది నా మాట!"

అన్ని సంవత్సరాలు చాటాడు, ఆ ముక్క ఆయన నోట నేను వినడం అదే మొదలు. ఊళ్ళో ఒక్కరూ నవ్వలేదు. ఆ పేర్లు ఇక్కడ అచ్చు కావని తెలుసు గనుక రాయడం లేదు. మా ఊరికి వస్తే పసిపిల్లలు కూడా చెబుతారు.

న్యాయం జరిగిందని రాయడానికి నాకేమీ లేదు. మాన్యం పోయింది. చాటింపు పని వేరే ఊరివాడికి ఇచ్చారు, చేతికి రేకు గొట్టం ఒకటి ఇచ్చారు. దాంట్లో ఎవరి మాటైనా ఒకే రకంగా వినిపిస్తుంది. కొట్టినవాళ్ళు తిరుగుతున్నారు. అభ్యర్థి గెలిచాడు. రోడ్డు తెరవడానికి వచ్చి, సాయిబుల పిల్లవాడిని ఎత్తుకుని దండ వేయించుకున్నాడు. ఎవరో గుర్తు చేస్తే, "నేనా? అట్లాంటి మాట నేనెందుకు అంటాను?" అన్నాడు. మైకు అన్నదేమో మరి. ఆ సంగతి నేను చెబితే పెదనాయన మంచంలోంచి, "ఆయప్పదే అయితే దొడ్డిలో ఉండాది. పోయి చూసుకోమను," అన్నాడు. ఆ తర్వాత ఆయన కర్ర లేకుండా నడవలేదు. తిట్లు మాత్రం తగ్గలేదు.

సాయిబు, నేను పగటి వేళకు ఊరు చేరాం. మా పేట మట్టిలో రెండడుగుల కింద బండ తగులుతుంది. గుంట తవ్వింది సాయిబులే. గడ్డపారల చప్పుడు గుట్టకు తగిలి తిరిగి వస్తోంది. పక్క ఊరి పేట నుంచి తప్పెటలు వచ్చాయి. మా పెద్దమ్మ ఏడవడం లేదు. గుంట వెడల్పు చాలదని వాళ్ళను తిడుతోంది. తిట్టే పని ఇప్పుడు ఆమెది అయినట్టుంది.

మట్టి వేసేటప్పుడు పెద్దరెడ్డి వచ్చాడు. చాలా దూరంగా, చెప్పులు విడవకుండా నిలబడి, వచ్చినవాళ్ళకు వినబడేటట్టు అన్నాడు. "శానా మంచోడు. ఊరంతా వాన్ని కడుపులో పెట్టుకోని చూసుకునింది."

పెద్దమ్మ చేతిలోని మట్టి గుంటలో వేసి, చేయి దులుపుకుని తిరిగింది.

"ఎవరి మాట రెడ్డీ అది?"

తప్పెటలు ఆగిపోయాయి. రెడ్డి వచ్చిన దోవనే పోయాడు.

సాయంత్రం బస్సుకు బయలుదేరాను. సాయిబు రోడ్డు దాకా వచ్చాడు. బందెలదొడ్డి గోడ సగం కూలింది. గుంజ ఉంది. గుంజకు తాడు ఉంది. రెండేండ్ల నాటి తాడులా లేదు, పచ్చి నార వాసన పోలేదు.

"మీ పెదనాయన ఏటా వానాకాలం ముగిసినాక మార్పిస్తాండె," అన్నాడు సాయిబు. "మొన్న నాకే చెప్పె, నేనే పేనినా."

మళ్ళీ ఓట్లు వచ్చాయి. ఈసారి ఢిల్లీకట. జీపు ఒకటి కర్నూలు వైపు నుంచి వచ్చి, మమ్మల్ని దాటి, ఊళ్ళోకి తిరిగింది. మైకు అప్పటికే మొదలుపెట్టింది. "నది దాటి వచ్చిన..." అనేంత వరకు వినబడింది, మిగతాది గాలి తీసుకుపోయింది. లేచిన దుమ్ము దొడ్డి మీద దిగింది. సాయిబు గోడ దాటి లోపలికి పోయి, వంగి, ఉచ్చు మీద దుమ్ము దులిపి, ముడి లాగి చూశాడు. తర్వాత దాన్ని నేల మీద గుండ్రంగా పరిచి వచ్చాడు, ఒక మెడ పట్టేటంత.